దసరాకు కనబడే పసుపు ఆషాఢంలోనే పుడుతుంది: దక్కను గోల్ఫ్ మైదానానికి ఏడాది పొడుగునా పని

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాదు శివార్లలో తొమ్మిది హోల్స్ ఉన్న ఒక గోల్ఫ్ మైదానం నిర్వహణ మీకు కొత్తగా అప్పగించారు. గ్రీన్లన్నీ, అంటే బంతిని చివరగా రంధ్రంలో వేసే పొట్టి గడ్డి జాగాలన్నీ, టిఫ్‌డ్వార్ఫ్ అనే బెర్ముడా రకం గడ్డివి. వానకాలమంతా పచ్చగా ఉన్న గ్రీన్లు దసరా వచ్చేసరికి అంచుల నుంచి పసుపు తిరిగి, పలచబడి, అక్కడక్కడా మట్టి కనబడే స్థితికి వస్తున్నాయి. ప్రతి ఏడూ యూరియా మోతాదు పెంచుతున్నారు. వారం పది రోజులు పచ్చబడి, మళ్ళీ మొదటికే వస్తోంది. మూడో నంబరు, ఏడో నంబరు గ్రీన్లు మరీ అధ్వానంగా ఉన్నాయి. అందుకని ఏ నెలలో ఏ పని చేయాలో ఒక పట్టిక కావాలని అడిగారు.

నెలల పట్టిక రాసి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. కానీ అటువంటి పట్టికలు చాలావరకు చల్లని దేశాల నుంచి వచ్చినవి, లేదా ఢిల్లీ చుట్టుపక్కల మైదానాల కోసం తయారైనవి. వాటిని దక్కనులో అక్షరాలా అమలు చేసిన మైదానాల పరిస్థితి మీ మైదానం కన్నా మెరుగ్గా ఉండటం నేను చూడలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉండి, మొదట హైదరాబాదు పరిసరాల్లోనూ తరువాత కొంతకాలం కోస్తాలోనూ గ్రీన్లను చూసుకున్న నాకు అర్థమైనది ఒక్కటే: గడ్డి మీద ఒక కాలంలో బయటపడే జబ్బుకు కారణం దాదాపు ఎప్పుడూ అంతకు ముందరి కాలంలో ఉంటుంది. మీ గ్రీన్లు అక్టోబరులో పసుపుబారడం అక్టోబరు నాటి సమస్య కాదు. జులై, ఆగస్టులలో వేరు కుళ్ళింది. ఆకాశం మబ్బుపట్టి, గాలిలో తేమ నిండుగా ఉన్నన్నాళ్ళూ పొట్టి వేరుతోనే ఆకు నెట్టుకొచ్చింది. హస్త కార్తెలో వానలు వెనుకబట్టి ఎండ కాసి, పొడిగాలి తిరగగానే ఆకు అడిగినంత నీటిని ఆ వేరు అందించలేకపోయింది. అప్పుడు మీరు వేసిన యూరియా ఆకును ఇంకా పెంచింది, అంటే కూలిపోబోయే గోడ మీద మరో అంతస్తు లేపింది.

కాబట్టి వేరే ఏ పనికైనా ముందు వేరును చూడండి. బంతి పడే రంధ్రాల చోటు మార్చడానికి వాడే హోల్ కట్టర్‌తోనే పసుపు తిరిగిన చోట ఒక ముద్ద, బాగున్న చోట ఒక ముద్ద పైకి తీసి పక్కపక్కన పెట్టండి. టిఫ్‌డ్వార్ఫ్ వేరు ఆరోగ్యంగా ఉంటే తెల్లగా ఉండి, పది సెంటీమీటర్లు దాటి దిగుతుంది. మీ ముద్దలో వేర్లు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి, గోధుమరంగు నుంచి నలుపుకు తిరిగి, లాగితే తేలిగ్గా తెగిపోతుంటే అది వేరుకుళ్ళు. వర్షాకాలపు తేమలో బెర్ముడా గ్రీన్ల వేర్లను తినే గ్యూమానోమైసిస్ అనే శిలీంధ్రం ఇలాగే మొదట కింది ఆకులను పసుపుబార్చి, తరచుగా గ్రీన్ అంచుల నుంచి లోపలికి పాకుతుంది. మట్టిలో నల్లని పొర ఒకటి అడ్డంగా కనబడి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే, అక్కడ గాలి ఆడక నీరు నిలిచిపోయిందని అర్థం. ముద్ద పైభాగంలో స్పంజిలాగా మెత్తగా ఉండే గోధుమరంగు మెత్తటి పొర, అంటే పాత కాడలూ కణుపులూ పేరుకుని ఏర్పడే థాచ్, ఒకటిన్నర సెంటీమీటరు దాటితే అది కూడా నేరస్థురాలే. ఈ మూడింటిలో ఏది కనబడినా యూరియా సంచి ముట్టుకోవలసిన పని లేదు.

ఈ గడ్డి స్వభావం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే తరువాత చెప్పబోయే పనులన్నిటికీ కారణాలు అందులోనే ఉన్నాయి. బెర్ముడా అంటే మనం వినాయక చవితికి పూజలో వాడే గరికే. టిఫ్‌డ్వార్ఫ్, దాని ముందు వచ్చిన టిఫ్‌గ్రీన్, మీ ఫెయిర్‌వేలలో (ఆట మొదలయ్యే చోటు నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారుల్లో) ఉండే అవకాశమున్న టిఫ్‌వే, ఇవన్నీ గరికకూ ఆఫ్రికా జాతి గరికకూ పుట్టిన సంకర సంతానం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊళ్ళోని పరిశోధన కేంద్రం పేరే వాటికి ముందు చేరింది. అక్కడ పనిచేసిన గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గడ్డితోపాటు సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన కేంద్రం నుంచి వచ్చిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ రకమే 1965లో మన దేశంలో విడుదలైన తొలి సంకర సజ్జ హెచ్‌బి-1కు తల్లి. సజ్జ రొట్టె తినే ఇంట్లో పుట్టిన నాకు ఈ బంధుత్వం ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. సంకరం కనుక టిఫ్‌డ్వార్ఫ్‌కు పనికివచ్చే విత్తనం ఉండదు, కణుపు ముక్కలు నాటే పెంచాలి. గ్రీన్ మీద వెడల్పాటి ఆకుతో వేరే రంగులో గుండ్రంగా పెరిగే మచ్చలు కనబడితే అది చుట్టుపక్కల గరిక లోపలికి చొరబడటం, లేదా రకం మారిపోవడం. మందు కొట్టి పోగొట్టేది కాదు, ఆ మచ్చను పెకలించి మంచి ముక్క అతకాల్సిందే.

సంకరమైనా గుణం మాత్రం గరికదే. పగలు 30 నుంచి 35 డిగ్రీల వేడిలో ఉరకలు వేస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగితే మందగిస్తుంది. ఎండను ఎంతైనా ఓర్చుకుంటుంది, నీడను మాత్రం ఓర్చుకోదు. వేరు దగ్గర నీరు నిలిస్తే అసలే ఓర్చుకోదు. మన దగ్గర కష్టమైన కాలం మే నెల అని కొత్తవాళ్ళు అనుకుంటారు గానీ, నీళ్ళున్న మైదానానికి మే నెల గడ్డి బాగా పెరిగే కాలం. దానికి నిజంగా గండం జులై, ఆగస్టు.

అందుకే నా లెక్కలో గ్రీన్ల ఏడాది ఉగాదితోనే మొదలవుతుంది. మార్చి నెలాఖరుకు రాత్రులు 20 డిగ్రీలు దాటి గడ్డి నిద్రలేస్తుంది. అప్పుడు వర్టికట్ బ్లేళ్ళతో పైపైన, మట్టి తగలకుండా నిలువుగా కోసి, ఒకే దిక్కుకు వాలిన కాడలను లేపి, చలికాలపు పొలుసు తీసేయండి. ఎరువు కూడా అప్పుడే మొదలుపెట్టండి. గ్రీన్లకు నేను యూరియా కన్నా అమ్మోనియం సల్ఫేట్‌ను ఎక్కువగా నమ్ముతాను. మన బోరు నీళ్ళు చాలాచోట్ల క్షారగుణం కలవి. వేరుకుళ్ళు శిలీంధ్రానికి క్షార నేల అంటే ఇష్టం. అమ్మోనియం సల్ఫేట్ వేరు చుట్టూ ఆ క్షారాన్ని కాస్త తగ్గిస్తుంది. పెరిగే కాలంలో పదిహేను రోజులకొకసారి చదరపు మీటరుకు రెండు గ్రాముల నత్రజని చాలు. అమ్మోనియం సల్ఫేట్‌లో నత్రజని సుమారు 21 శాతం కనుక ఎరువు పది గ్రాములవుతుంది, అయిదు వందల చదరపు మీటర్ల గ్రీన్‌కు అయిదు కిలోలు. చల్లిన వెంటనే నీళ్ళు పెట్టి కడగకపోతే ఆకు మాడుతుంది.

ఇక ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని, మీ మైదానంలో బహుశా జరగని పని, వానకు ముందు చేసే కోరింగ్. బోలు గొట్టాలతో గ్రీన్ అంతటా రంధ్రాలు చేసి, ఆ మట్టి ముద్దలను బయటికి తీసి, ఆ ఖాళీలను పొడి ఇసుకతో నింపడం. పన్నెండు మిల్లీమీటర్ల గొట్టంతో అయిదు సెంటీమీటర్ల ఎడంతో చేస్తే చదరపు మీటరుకు నాలుగు వందల రంధ్రాలు పడతాయి. ఉపరితలంలో నాలుగున్నర శాతమే తెరుచుకుంటుంది గానీ, ఆ నాలుగున్నర శాతమే వానకాలమంతా నీటిని కిందికి దింపే, గాలిని వేరు దాకా చేర్చే దారి. రంధ్రం ఏడున్నర సెంటీమీటర్ల లోతు ఉంటే అయిదు వందల చదరపు మీటర్ల గ్రీన్‌కు రంధ్రాలు నింపడానికే సుమారు 1.7 ఘనపు మీటర్ల ఇసుక కావాలి, పైన పలచగా మిల్లీమీటరు మందాన పరవడానికి ఇంకో అర ఘనపు మీటరు. ఈ లెక్క ముందే వేసుకుని ఇసుకను ఏప్రిల్‌లోనే తెప్పించి, ఆరబెట్టి, టార్పాలిన్ కింద పెట్టుకోండి. తడి ఇసుక రంధ్రంలోకి దిగదు. సగం నిండిన రంధ్రం మొదటి వానకే మూతపడుతుంది.

ఇసుక విషయంలో రాజీ పడవద్దు. కనీసం అరవై శాతం రేణువులు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. ప్లాస్టరింగుకు వాడే సన్న ఇసుక, క్రషర్ దుమ్ము కలిసిన రోబో శాండ్, ఈ రెండూ గ్రీన్‌కు విషమే. మొదటిది బురదలా పొర కడుతుంది, రెండోది పదునైన రేణువులతో ఒకదానికొకటి బిగుసుకుపోవడమే కాక గడ్డి కోసే మోవర్ బ్లేళ్ళను కూడా తినేస్తుంది. గాజు సీసాలో మూడోవంతు ఇసుక, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి ఒక గంట కదలకుండా ఉంచండి. ఇసుక మీద బురద స్పష్టమైన పొరగా తేలితే ఆ లారీని వెనక్కి పంపేయండి. ఒక ఏడాది తొందరలో నేను సన్న ఇసుక వేయించాను. దాని ఫలితం గ్రీన్ లోపల రెండు సెంటీమీటర్ల లోతులో పొరగా మిగిలిపోయింది, దాన్ని ఛేదించడానికి మూడేళ్ళపాటు రెట్టింపు కోరింగ్ చేయవలసి వచ్చింది.

ఈ పనికి సరైన సమయం మే మొదటి పదిహేను రోజులు. నీటికి కటకట ఉంటే మే చివరికి జరపవచ్చు గానీ, మృగశిర ప్రవేశించే జూన్ 8 నాటికి గడ్డి రంధ్రాల మీదుగా అల్లుకుని ఉండాలి. రంధ్రాలు తెరిచి ఉండగా గాలివాన వస్తే ఇసుకంతా బంకర్ (ఆటలోని ఇసుక గుంట) వైపు కొట్టుకుపోతుంది. మా దగ్గర పనిచేసిన ఆడవాళ్ళందరూ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ళే. తేదీలు చెబితే మరిచిపోయేవారు కానీ, "రోహిణి పోకముందే ఇసుక పని అయిపోవాలి" అంటే ఒక్కరోజు కూడా వెనకబడేవారు కాదు. కార్తెల లెక్కను రిజిస్టరులో తేదీ పక్కన రాసుకోవడం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది.

వేసవిలో నీటి సంగతి వేరే చెప్పాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మే నెలలో గ్రీన్‌కు రోజుకు ఆరు మిల్లీమీటర్ల దాకా అవసరమవుతుంది. అంటే ఒక్కో గ్రీన్‌కు మూడు వేల లీటర్లు, తొమ్మిదింటికి ఇరవై ఏడు వేలు. ఇది పెద్ద లెక్క కాదు. ఫెయిర్‌వేలు ఆరు హెక్టార్లుంటే, రోజుకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున 2.4 లక్షల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై ఎనిమిది. కాబట్టి నీరు చాలనప్పుడు ముందు రఫ్‌ను (ఫెయిర్‌వే పక్కన పొడుగ్గా వదిలే గడ్డిని), తరువాత ఫెయిర్‌వేలను ఎండనివ్వండి, గ్రీన్లనూ టీలనూ (తొలి దెబ్బ కొట్టే చోట్లనూ) కాపాడండి. ఫెయిర్‌వే గరిక గోధుమరంగుకు తిరిగినా చావదు, మొదటి వానకు మళ్ళీ లేస్తుంది. రోళ్ళు పగిలే రోహిణి ఎండలోనూ ఈ మాట నిజమే. గ్రీన్‌కు మాత్రం తెల్లవారుజామున, పైపైన కాకుండా వేరు దిగినంత లోతు తడిసేలా పెట్టండి. స్ప్రింక్లర్ అంతటా సమానంగా పోస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒకే రకం ప్లాస్టిక్ గ్లాసులు ఇరవై గ్రీన్ మీద గళ్ళుగా పెట్టి, పావుగంట నీళ్ళు వదిలి, గ్లాసుల్లో ఎత్తు కొలవండి. ఒక మూల రెండింతలు పడుతుంటే మీరు ఎండు మచ్చ అనుకుంటున్నది మందులేని జబ్బు కాదు, మూసుకుపోయిన నాజిల్.

మురుగునీటిని శుద్ధి చేసిన నీళ్ళు వాడే మైదానాలు ఇప్పుడు పెరుగుతున్నాయి, అది మంచిదే. కానీ ఆ నీటిలో ఉప్పు, బైకార్బనేట్లు ఉంటాయి, నత్రజని కూడా కొంత ఉంటుంది. ఏటా మార్చిలో నీటి పరీక్ష చేయించండి. విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసిసీమెన్స్ లోపుంటే చింత లేదు, 3 దాటితే గరిక ఓర్చుకున్నా నేల ఓర్చుకోదు. మధ్యలో ఉంటే నెలకొకసారి, నీటి పారుదల బాగున్న గ్రీన్‌కు మాత్రమే, రోజువారీ నీటికి రెండు మూడింతలు ఒకేసారి పెట్టి ఉప్పును కిందికి కడగాలి. జిప్సం గుప్పించడం సోడియం ఎక్కువని పరీక్షలో తేలినప్పుడే.

మే నెల ఖాళీలో చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. చెరువు పూడిక తీయించాలి. ఆ మట్టిని రఫ్‌లో ఎత్తులకు వాడుకోవచ్చు గానీ గ్రీన్ దరిదాపులకు రానివ్వకూడదు. మత్తడి, కాలువలు, గ్రీన్ కింద వేసిన చిల్లుల పైపులు బయటికి తెరుచుకునే నోళ్ళు, ఇవన్నీ శుభ్రం చేయాలి. చాలా మైదానాల్లో ఈ పైపు నోళ్ళు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, పాత నక్షా కూడా ఉండదు; మీ మైదానంలో వెతికి పట్టుకుని సిమెంటు రాయి పాతించండి, ఏడో నంబరు గ్రీన్ నోరు మట్టితో కప్పుకుపోయి ఉంటుందని నా అనుమానం. గుల్‌మొహర్ వంటి పెళుసు చెట్ల ఎండుకొమ్మలు ఈదురుగాలులకు ముందే తీయించాలి. కలుపు మొలవకుండా ఆపే మందులు కూడా తొలకరికి ముందే పడాలి, మొలిచాక వాటికి పని లేదు. అయితే ఆ మందు వేరు పెరగకుండా కూడా కొంత అడ్డుపడుతుంది కనుక బలహీనంగా ఉన్న గ్రీన్ మీద వద్దు, ఫెయిర్‌వేలకే పరిమితం చేయండి. తుంగ మాత్రం ఈ మందులకు లొంగదు; గడ్డ నుంచి మొలుస్తుంది కనుక మొలిచి మూడు నాలుగు ఆకులు వేశాక హాలోసల్ఫ్యూరాన్ వంటి తుంగ మందును డబ్బా మీద రాసిన మోతాదులో, మూడు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు వాడాలి. గ్రీన్ మీది తుంగను చేత్తో పీకించడమే నయం.

వానలు మొదలయ్యాక మీరు చేయవలసినవి తక్కువ, మానుకోవలసినవి ఎక్కువ. మబ్బు పట్టిన రోజుల్లో ఆకు తయారుచేసే ఆహారం తగ్గుతుంది. అదే ఎత్తులో కోస్తూ పోతే వేరుకు పెట్టడానికి ఆకు దగ్గర ఏమీ మిగలదు. మీరు గ్రీన్లను నాలుగు మిల్లీమీటర్లకు కోస్తుంటే జులై మొదటికే నాలుగున్నర లేదా అయిదుకు పెంచండి. బంతి వేగం తగ్గిందని సభ్యులు గొణుగుతారు. గొణగనివ్వండి, జులైలో వేగం కోరుకునే సభ్యుడే అక్టోబరులో మట్టి కనబడుతోందని ఉత్తరం రాస్తాడు. తడిసిన గ్రీన్ మీద రోలర్ తిప్పవద్దు. నల్లరేగడి ఉన్న ఫెయిర్‌వే మీదికి ట్రాక్టరు దించే ముందు మడమతో గట్టిగా నొక్కి చూడండి, నీరు చెమ్మగిల్లితే ఆ రోజు కోత లేదు. ఆగస్టులో వాన నాలుగైదు రోజులు తెరిపి ఇస్తుంది. అప్పుడు బోలు గొట్టాలు కాక సన్నని ఘన సూదులతో పొడిచి వదిలితే చాలు, మర్నాటికి ఆట నడుస్తుంది, వేరుకు ఊపిరి అందుతుంది. మీ మైదానంలో ఇప్పటికే వేరుకుళ్ళు ఉన్నట్టు తేలితే అజోక్సిస్ట్రోబిన్ వంటి మందును జబ్బు కనబడ్డాక కాదు, జులైలోనే ముందస్తుగా వేసి, నీటితో వేరు దాకా దింపాలి. ప్రొపికొనజోల్ జాతి మందులు వేడిలో టిఫ్‌డ్వార్ఫ్ పెరుగుదలను కుంగదీస్తాయి కనుక వాటితో జాగ్రత్త.

పురుగుల గురించి పుస్తకాలు చెప్పేదాని కన్నా పక్షులు ముందు చెబుతాయి. పొద్దున్నే గోరువంకలూ కొంగలూ ఒకే చోట గుమిగూడి నేలను పొడుస్తుంటే అక్కడ లద్దెపురుగు ఉంది. బకెట్‌లో నాలుగు లీటర్ల నీటికి రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవసబ్బు కలిపి చదరపు మీటరు మేర పోయండి, పది నిమిషాల్లో పురుగులు పైకి వస్తాయి. అవి రాత్రిపూట తింటాయి కనుక మందు సాయంత్రమే కొట్టాలి. వేరుశనగ రైతులకు బాగా తెలిసిన వేరుపురుగు ఇంకో రకం: తొలకరి వానలు పడ్డ సాయంత్రాలు దాని తల్లి పెంకుపురుగులు నేలలోంచి లేచి వేపచెట్ల మీద వాలతాయి. చెట్టు కింద బట్ట పరిచి కొమ్మలు దులిపించి, ఏరి కిరోసిన్ నీళ్ళలో వేయిస్తే ఆ ఏడాది గ్రీన్ కింద పురుగు సగానికి సగం తగ్గడం నేను చూశాను. ఖర్చు నలుగురు మనుషుల రెండు గంటల కూలి.

సెప్టెంబరు రెండో పక్షం, ఉత్తర కార్తె, రెండో కోరింగుకు సమయం. మే నెలంత పెద్దది అక్కరలేదు, ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టం చాలు. దీని గడువు దాటనివ్వవద్దు, ఈ మాట నేను దెబ్బతిని చెబుతున్నాను. ఒక ఏడాది పోటీల కోసం కమిటీ వారు ఈ పనిని వాయిదా వేయమన్నారు, నేను కాదనలేక నవంబరు మూడో వారంలో చేశాను. చలి పడి గడ్డి పెరుగుదల ఆగిపోయింది. రంధ్రాలు శివరాత్రి దాకా జల్లెడలా అలాగే ఉన్నాయి, బంతి ప్రతి గ్రీన్ మీదా గెంతుతూ పోయింది. దీపావళి తరువాత గ్రీన్ మీద రంధ్రం చేయడం గానీ లోతుగా వర్టికట్ చేయడం గానీ అప్పటి నుంచి పూర్తిగా మానేశాను. అక్టోబరులో నత్రజనిని సగానికి తగ్గించి, పొటాష్ కలిపి వేయండి. పొటాష్‌కు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మేలు, మ్యూరియేట్‌లోని క్లోరైడ్ మనకున్న ఉప్పుకు తోడవుతుంది.

చలికాలం మన మైదానాలకు అందమైన కాలం, ఆట ఎక్కువగా జరిగే కాలం కూడా. గడ్డి పెరగదు, తొక్కిడి మాత్రం రెట్టింపవుతుంది. ఇక్కడ మీ చేతిలో ఉన్న గొప్ప సాధనం బంతి పడే రంధ్రం చోటు మార్చడం. 108 మిల్లీమీటర్ల ఆ రంధ్రం చుట్టూ రెండు మూడు మీటర్ల వలయంలోనే నూరు మంది నడుస్తారు. దాన్ని రోజూ మార్చండి, మార్చిన చోటును ఒక గీతల బొమ్మ మీద గుర్తు పెట్టుకుని పదిహేను రోజుల దాకా ఆ చోటికి తిరిగి రాకండి. తెల్లవారుజామున మంచును పొడుగాటి వెదురు బద్దతో గ్రీన్ మీద తుడిపించండి, తడి ఆకు మీదే డాలర్ స్పాట్ అనే గుండ్రని తెల్లమచ్చల జబ్బు పాకుతుంది. రంగు తగ్గిందని యూరియా వేయకండి. పెరుగుదల లేకుండా పచ్చదనం కావాలంటే ఫెర్రస్ సల్ఫేట్ పలచగా పిచికారీ చేస్తే సరిపోతుంది. ఉత్తరాదిలోలాగా చలికాలానికి రైగడ్డి అనే చల్లని వాతావరణపు గడ్డి విత్తనం చల్లమని మీకు ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. మన గరిక పూర్తిగా నిద్రపోదు. మార్చిలో అది లేవబోయేసరికి రైగడ్డి దాని నీరూ వెలుగూ లాక్కుంటూ నెత్తిన కూర్చుంటుంది.

గుండ్రంగా తిరిగే బ్లేళ్ళతో గడ్డి కోసే రీల్ మోవర్ల గురించి ఒక్క మాట. బ్లేడుకూ కింది కత్తికీ మధ్య వార్తాపత్రిక కాగితం పెట్టి చేత్తో తిప్పితే, రీల్ పొడుగునా ఏ చోటనైనా శుభ్రంగా తెగాలి. నలిగితే ఆ రోజు ఆ మోవర్ గ్రీన్ ఎక్కకూడదు. చీలిన ఆకు చివర్లు మర్నాడు తెల్లబడి, దూరం నుంచి చూస్తే అచ్చం జబ్బులాగే ఉంటాయి, మందుల ఖర్చు అనవసరంగా పెరుగుతుంది.

కోస్తాలో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే తేదీలు ఇలాగే వాడుకోవద్దు. 1884 నాటి ఈస్ట్ పాయింట్ క్లబ్ ఉన్న విశాఖపట్నాన్నే తీసుకోండి: అక్కడ శీతాకాలపు రాత్రులు ఇంత చల్లబడవు కనుక గడ్డి దాదాపు ఏడాదంతా కదులుతూనే ఉంటుంది, భయమల్లా అక్టోబరు, నవంబరు తుఫానులదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ నగరంలో చెట్లను ఎలా కూల్చిందో చూసినవాళ్ళు రెండో కోరింగును సెప్టెంబరు నుంచి ముందుకు, ఆగస్టు చివరికి జరుపుకుంటారు, కొమ్మల పని కూడా సెప్టెంబరులోనే ముగిస్తారు. సముద్రపు జల్లు పడ్డ గ్రీన్‌ను మర్నాడే మంచినీటితో కడగాలి.

ఇక మీ మూడో, ఏడో గ్రీన్లు. వాటికి దక్షిణాన పెద్ద చెట్ల వరుస ఉందని రాశారు, అసలు విషయం అక్కడ ఉంది. జూన్‌లో హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు చూస్తే ఆ గ్రీన్లకు నీడే లేదనిపిస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం పన్నెండు దాటినా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు. పది మీటర్ల చెట్టు నీడ అప్పుడు కూడా దాదాపు తొమ్మిది మీటర్లు ఉత్తరానికి పడుతుంది, పొద్దున్నా సాయంత్రమూ ఇంకా పొడుగు. వానకాలంలో వేరు పోగొట్టుకుని, కోలుకోవలసిన నెలల్లో వెలుగు కూడా లేకపోతే ఆ గడ్డి ఎక్కడి నుంచి లేస్తుంది? ఈ నెలలోనే ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింటికీ, పన్నెండింటికీ, మూడింటికీ నీడ అంచున సున్నం గీత గీయించండి, ఆరు గంటల ఎండ అందని భాగం స్పష్టంగా బయటపడుతుంది. కింది కొమ్మలు ఎత్తించి, రెండు మూడు చెట్లను పలచబరిస్తే చాలు, అన్నిటినీ నరికించవలసిన అవసరం సాధారణంగా రాదు.

ప్రస్తుతానికి యూరియా ఆపండి, కోత ఎత్తును అర మిల్లీమీటరు పెంచండి, ఘన సూదులతో ఒకసారి పొడిపించండి, మధ్యాహ్నం ఎండవేళ పసుపు మచ్చల మీద మాత్రమే గొట్టంతో అయిదు నిమిషాలు నీళ్ళు చిలకరించండి. వచ్చే మే నెలలో కోరింగ్, జులైలో ఎత్తు పెంపు, సెప్టెంబరులో మళ్ళీ కోరింగ్ జరిగాక కూడా వచ్చే దసరాకు ఏడో గ్రీన్ ముద్దలో వేరు అయిదు సెంటీమీటర్లు దాటకపోతే, ఆ గ్రీన్ మట్టి మీదే కట్టినదని, పైన ఏం చేసినా లాభం లేదని ఒప్పుకుని కొత్తగా కట్టించాలి. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రచురించిన పద్ధతే ఇప్పటికీ ఆధారం: అడుగున చిల్లుల పైపులు, వాటి మీద పది సెంటీమీటర్ల కంకర, దాని మీద ముప్పై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. దానికి ఏప్రిల్ మొదటివారంలో పాత మట్టి తవ్వడం మొదలై, మృగశిరకు కణుపులు నాటడం పూర్తి కావాలి. వానల నీటితో అవి అల్లుకుంటే సెప్టెంబరు ఆఖరుకు ఆ గ్రీన్ మీద మళ్ళీ జెండా పాతవచ్చు. అప్పటిదాకా ఆ పక్కనే ఫెయిర్‌వేలో కొంత మేర పొట్టిగా కోసి తాత్కాలిక గ్రీన్‌గా వాడుకోండి, దాన్ని కూడా మార్చిలోనే గీసి పెట్టుకోవడం మరిచిపోకండి.